భయమైతుందని నలుగురిలో చెప్పిన మా వదిన

మా వదిన చనిపోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను నారాయణఖేడ్‌లో, పాఠాలు చెప్పే బడి వరండాలో ఉన్నాను. పిల్లలు మధ్యాహ్నం అన్నాలు తిని చేతులు కడుక్కుంటున్నారు. "మీ వదిన పోయింది, కరుణా," అన్నాడు అన్న. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు భయం పట్టుకుంది. కుళాయి కింద దోసిళ్ళు పట్టిన పిల్లల్ని చూస్తూ, మా ఊరి బోరు నీళ్ళు నేను ఎన్నేళ్ళు తాగి ఉంటానో, నా కూతురు వేసవి సెలవుల్లో ఎన్నిసార్లు తాగి ఉంటుందో అనుకుంటూ నిలబడిపోయాను. ఏడుపు ఆ తర్వాత, ఊరికి పోయే ఆటోలో వచ్చింది.

ఆమెను మా ఊరి సమాధుల తోటలో, మా నాయిన పక్కన పెట్టలేదు. నాగల్‌గిద్ద దాటి, కర్ణాటక హద్దుకు ఆనుకుని ఉన్న ఆమె పుట్టినూరికి తీసుకుపోయాం. పెళ్ళయి వచ్చిన ఆడమనిషిని మళ్ళీ పుట్టింటికి తీసుకుపోయి పూడ్చడం మాలో లేదు. అయినా ఎందుకని పాస్టరు అడగలేదు, ఊరివాళ్ళూ అడగలేదు. వాళ్ళకు తెలుసు. మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

వదిన పిరికిది. ఆమెను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు, ఆమే చెప్పుకునేది. ఉరిమితే భయం, బల్లి కనబడితే భయం, బస్సు మలుపు తిరిగితే భయం. అన్న వెనక మోటారు సైకిల్ మీద కూర్చుంటే చొక్కా ఎంత గట్టిగా పట్టుకునేదంటే, దిగేసరికి అన్న మెడ మీద కాలరు గీత ఎర్రగా పడి ఉండేది. ఆమె పుట్టినూరిలో తెలుగుతో పాటు కన్నడం కూడా నడుస్తుంది. అందుకని వద్దు అనాల్సిన ప్రతిచోటా 'బేడ' అనేది. పిల్లలు వాకిలి దాటితే బేడ, కుక్క దగ్గరికి పోతే బేడ, కోళ్ళ గంప కింద చెయ్యి పెడితే బేడ. నా కూతురు 'అమ్మ' తర్వాత నేర్చిన మాటల్లో అదొకటి. మేం నవ్వేవాళ్ళం, ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే పిల్లను రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయేది.

అలాంటి మనిషి సర్పంచ్ అయింది. ఆ విడత మా ఊరి పదవి ఆడవాళ్ళకు వచ్చింది. అన్నకు నిలబడాలని ఎప్పటినుంచో ఉండేది, వదినను నిలబెట్టాడు. నాయిన మీద ఉన్న గౌరవంతో ఊరు గెలిపించింది. పంచాయతీ ఆఫీసులో ఆమె కుర్చీలో కూర్చునేది, అన్న పక్కన నిలబడి మాట్లాడేవాడు. ఎవరేం అడిగినా "మా ఆయన్ని అడుగుండ్రి" అనేది. చుట్టుపక్కల ఊళ్ళలోనూ అలాగే నడిచేది కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు.

మా ఊరు సిర్గాపూర్ పోయే దారిలో ఉంటుంది. ఊరి బయట ఎత్తు మీద ఒక మందుల ఫ్యాక్టరీ ఉండేది. నా పెళ్ళి నాటికి అది నడుస్తోంది, ఊళ్ళో కొందరికి అందులో పని కూడా దొరికింది. తర్వాత మూతపడింది. యజమాని ఎటు పోయాడో తెలియదు. యంత్రాలను పాత ఇనుము కింద విప్పుకుపోయారు. మొండి గోడలు, నల్లటి నీళ్ళు నిలిచిన ఒక గుంట మిగిలాయి. నేలలో పూడ్చిన డ్రమ్ముల సంగతి అక్కడ పనిచేసినవాళ్ళకు తెలుసు కానీ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. ఆ ఎత్తుకు దిగువన మా సమాధుల తోట, దాని పక్కనే ముస్లింల ఖబరస్తాన్, వాటి కింద కంది చేలు, చేల చివర ఊరి బోరు. ఇంటింటికీ నల్లా వచ్చిన తర్వాత కూడా, నల్లా రాని రోజున ఆ బోరే దిక్కు.

నాయిన వానాకాలం చివర్లో చనిపోయాడు. గొయ్యి తవ్వుతున్నవాళ్ళు నడుము లోతుకు పోయాక ఆగిపోయారు. నేను వదిన పక్కన నిలబడి ఉన్నాను. లోపలి మట్టి పసుపుకూ ఆకుపచ్చకూ మధ్య ఏదో రంగులో ఉంది. ఒక మూల నుంచి నీళ్ళు ఊరుతున్నాయి, వాటి మీద నూనె తేలినట్టు మెరుపు. దవాఖానలో వచ్చేలాంటి వాసన, అంతకంటే ఘాటుగా, గొంతులో పట్టుకునేలా వచ్చింది. తవ్వుతున్న మనిషి పైకెక్కి చేతులు గడ్డికి రాసుకుంటూ అన్న ముఖం చూశాడు. నాయిన పెట్టె పక్కనే ఉంది. పాస్టరు బైబిల్ తెరిచి పట్టుకుని ఉన్నాడు. చుట్టూ అంతమంది ఉన్నాం, ఒక్కరూ నోరు విప్పలేదు.

"కానియ్యుండ్రి," అన్నాడు అన్న.

నీళ్ళు తోడి, పొడి మన్ను పోసి, నాయినను దింపారు.

ఇంటికి వచ్చాక వదిన స్నానం చేసింది. తల తుడుచుకుని, మళ్ళీ పోయి చేసింది. తర్వాత పెరటి అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"కరుణా, మామను ఏంట్ల పండవెట్టినం మనం?"

నేను ఆమె తడి జుట్టు చిక్కు తీయసాగాను.

"గా నీళ్ళు గాడనే ఆగుతయా? కిందికి పోవా? కింద బోరున్నది."

అప్పటిదాకా ఆ మాట ఎవరూ పైకి అనగా నేను వినలేదు. అన్నాక మాత్రం ఇక వెనక్కి పోలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నీళ్ళంటే భయం మొదలైంది. వదిన చెంబు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడకుండా గుక్క మింగేది కాదు. నల్లా రాని రోజున ఎగువన ఉన్న పాత బావి దాకా నడిచి బిందె మోసుకొచ్చేది. పెళ్ళిళ్ళకు పోతే సంచిలో సొంత నీళ్ళ సీసా. అన్నకు అది చిరాకు. "నాయిన గీ నీళ్ళే తాగిండు, నేను గివే తాగుత," అని బోరు నీళ్ళే ముంచుకునేవాడు. "మామ ఇప్పుడు ఏడున్నడు మరి?" అనేది వదిన. అన్న చెంబు కింద పెట్టి బయటికి పోయేవాడు.

ఆ ఏడాది మా బర్రె నెలలు నిండకుండానే ఈసుకపోయింది, దూడ దక్కలేదు. పక్కింటి బర్రె కూడా. వానలు ఎక్కువైనందుకని అన్నారు. చలికాలంలో నా కూతురు ఊరికి వచ్చినప్పుడు మోచేతుల మీద దద్దు లేచింది. చలికి అన్నారు. ఏదీ ఇదని తేలదు, అయినా ఏది జరిగినా అదేనేమో అనిపిస్తుంది. రాయి తగిలితే నెత్తురు కనబడుతుంది. ఇది కనబడదు. నేనైతే ఊళ్ళో మొహం కడుక్కోవడానికి కూడా భయపడేదాన్ని.

ఒక సోమవారం వదిన ఖేడ్‌కు వచ్చి బడి గేటు దగ్గర నిలబడింది. కొంగు చివర వేలికి చుట్టుకుని విప్పుతూ ఉంది. "సంగారెడ్డికి పోదాం వస్తవా? కలెక్టరాఫీసుల జనాల మాటలు ఇంటరంట," అంది. అన్నకు చెప్పి వచ్చావా అని అడిగాను. లేదన్నట్టు తల ఊపింది. బస్సంటే చచ్చేంత భయపడే మనిషి దారి పొడవునా నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చుంది. అక్కడ వరసలో మా వంతు వచ్చినప్పుడు ఆమె నన్ను ముందుకు నెట్టింది. నేను మొదలుపెట్టాను. నాయిన గొయ్యి దాకా రాగానే ఆమే అందుకుని, నీళ్ళ రంగు, వాసన, అన్నీ చెప్పింది.

కొన్నాళ్ళకు హైదరాబాద్ నుంచి మనుషులు వచ్చి గుంట దగ్గర, సమాధుల తోటలో, బోరులో మట్టీ నీళ్ళూ సీసాల్లో నింపుకుపోయారు. తర్వాత అదే ఆఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది, నెమ్మదిగా మాట్లాడే మనిషి. పంచాయతీ ఆఫీసులో వదిన ఎదురుగా కూర్చుని చెప్పింది.

"యజమాని దొరికితే శుభ్రం చేసే ఖర్చు అతని మీదే పడుతుందమ్మా. దొరకలేదు. ఇట్లాంటి దిక్కులేని జాగాలకు సర్కారే పైసలు పెడుతుంది. కానీ అడిగే ఊళ్ళు చాలా ఉన్నాయి. ఈ జాగా, దాని కింది పొలాలు చెడిపోయాయి, మాకు శుభ్రం చేసిపెట్టండని మీ గ్రామసభ తీర్మానం చేస్తే నేను పైకి గట్టిగా చెప్పగలను."

"చేస్తే ఊరి పేరు బయటికొస్తదా?" అని వదిన అడిగింది.

"వస్తుందమ్మా. దాచి అడగడం కుదరదు."

వదిన కొంగు చివర మళ్ళీ వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. అన్న అయితే ఆఫీసరమ్మ జీపు కదలగానే, "ఇగ గీ ముచ్చట ఈడికే ఆపు," అన్నాడు.

గ్రామసభ బడి రేకుల షెడ్డు కింద జరిగింది. నేను వదిన వెనక, ఆడవాళ్ళలో కూర్చున్నాను. మొదట లేచింది సాయిలు మామ. మా చేను పక్క చేను ఆయనది. చెడ్డవాడు కాదు. నాయినకు గొయ్యి తవ్వింది, పెట్టెకు భుజం పట్టింది కూడా ఆయనే.

"మన పొలాలు ఖరాబైనయని మనమే సంతకాలు వెడితే, రేపు ఖేడ్‌ల అడ్తి దుకాణం కాడ మన కందులు ఎవడు కొంటడు? ఊరి పేరు చెప్తే సంచి గూడ దించనియ్యడు. నా బిడ్డకు సంబంధాలు సూస్తున్న. గా ఊరి నీళ్ళు తాగిన పిల్లనా అంటరు. పైసలు వచ్చేది ఎన్నటికో, పరువు పోయేది ఇయ్యాల్నే."

షెడ్డు కింద గుసగుసలు. అందరూ తలలు ఊపారు. అన్న లేచి, "సాయిలు మామ చెప్పింది కరెక్టే. గీ తీర్మానం వద్దు," అన్నాడు. సర్పంచ్ మాటగా అన్న చెప్పడం అలవాటే కాబట్టి జనం లేవడానికి సిద్ధమయ్యారు.

వదిన కుర్చీలోంచి లేచింది. నిలబడడానికి బల్లను పట్టుకుంది.

"నాకు భయమైతుంది," అంది.

ఆ మాటతో మొదలుపెట్టే సర్పంచ్‌ను మా ఊరు చూడలేదు. కొందరు నవ్వారు. ఆమె ఆగలేదు.

"మామను పండవెట్టిన గుంతల నీళ్ళు మీరందరు సూసిండ్రు. సాయిలు మామా, నువ్వు గూడ సూసినవు. నీ చేతులు గడ్డికి తుడుసుకున్నవు. నేను గూడ సప్పుడు జెయ్యలే. భయపడుడు తప్పుగాదు. భయపడి నోరు మూసుకుంటే గా భయం పిల్లల కడుపులకు పోతది. మనం పేరుకు భయపడుతున్నం. నేను నీళ్ళకు భయపడుతున్న. ఏది పెద్ద భయమో మీరే చెప్పుండ్రి."

అన్న నేలను చూస్తున్నాడు. అప్పుడు వెనక వరసలోంచి బట్టలు కుట్టే చాంద్ పాషా లేచాడు. పెద్ద వయసు, మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"మా ఖబరస్తాన్‌ల గూడ గదే వాసన, అమ్మా. మా బీబీని పెట్టినప్పుడు నీళ్ళు ఊరినయి. మేము గూడ ఎవరికి చెప్పలే," అన్నాడు. చెప్పి, కూర్చోకుండా చెయ్యి పైకెత్తి అలాగే నిలబడ్డాడు.

మెల్లగా ఆడవాళ్ళ చేతులు లేచాయి. తర్వాత కొందరు మగవాళ్ళవి. సాయిలు మామ ఎత్తలేదు. అన్న కూడా ఎత్తలేదు. అయినా సరిపోయింది.

సాయిలు మామ చెప్పిందీ అబద్ధం కాలేదు. ఆ పంటకు మా ఊరి కందులను మార్కెట్‌లో కొనలేదు. అన్న ట్రాక్టర్ మీద తీసుకుపోయిన సంచులను అలాగే వెనక్కి తెచ్చి, వాకిట్లో వదిన ముందర దించాడు. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. సంచుల పక్కన చీకటి పడేదాకా కూర్చుంది. ఊళ్ళో కొందరు ఆమె ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాళ్ళు. సాయిలు మామ బిడ్డకు కుదరబోయిన సంబంధం తప్పిపోయింది. ఆ అమ్మాయి మాత్రం ఒకరోజు మా ఇంటికి వచ్చి వదినకు పప్పు చెరగడంలో సాయం చేసి పోయింది. ఆ రోజు వదిన నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది.

పైసలు త్వరగా రాలేదు. మొదట పరీక్షలకు మాత్రమే వచ్చాయి. నేలకు గొట్టాలు దించి ఎక్కడిదాకా పాకిందో చూశారు. అనుకున్నదానికంటే ఎక్కువే పాకిందని తెలిసింది. ఆ నీళ్ళు తాగొద్దని బోరుకు ఎర్ర రంగు పూసి హ్యాండిల్ విప్పుకుపోయారు. తర్వాత ఫైలు ఎక్కడుందో తెలియదు. వదిన పదవి అయిపోయింది, ఆఫీసరమ్మ బదిలీ అయింది. వదిన మాత్రం నిమ్మకాయ పట్టుకుని సంగారెడ్డి బస్సు ఎక్కుతూనే ఉంది. సెలవు దొరికినప్పుడు నేను తోడు పోయేదాన్ని. కొత్త ఆఫీసరు "బడ్జెట్‌ల పెట్టినమమ్మా, వస్తది," అనేవాడు. "మీరు యాది మరుస్తరేమోనని భయమై వచ్చిన సార్," అనేది. ఆమె అది ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే భయపడి వచ్చేది. ఆయనకూ అది అర్థమైందనుకుంటాను, మంచినీళ్ళు తెప్పించేవాడు. ఆమె అలవాటు కొద్దీ వాసన చూసి తాగేది.

చివరికి ఒక ఎండాకాలం యంత్రాలు వచ్చాయి. మేం సంతోషించాల్సింది. కానీ దిగిన మనుషులను చూశాక ఊరు బిగుసుకుపోయింది. తల నుంచి కాళ్ళదాకా తెల్లటి తొడుగులు, ముఖాలకు గొట్టాల మాస్కులు, చేతులకు మోచేతుల దాకా గ్లౌజులు. అదే నేల మీద మా పిల్లలు ఉత్త కాళ్ళతో మేకలు కాశారు. "అంత ఉన్నదా అండ్ల," అన్నాడు అన్న. ఆ మాట అతని నోట అప్పుడే విన్నాను. డ్రమ్ములు బయటికి తీస్తుంటే వాసన ఊరంతా కమ్మింది, కళ్ళు మండాయి. కిటికీలకు తడి దుప్పట్లు కట్టుకుని కూర్చున్నాం. డ్రమ్ములూ మట్టీ మూతల లారీల్లో ఎక్కడికో పోయాయి. ఎక్కడికి పోతున్నాయని వదిన అడిగింది. దానికోసం కట్టిన గుంటలకు అన్నారు. "గాడ ఊరున్నదా?" అని అడిగింది. దూరంగా ఉందన్నారు. ఆమెకు ఆ జవాబు నచ్చలేదు, చాలా రోజులు అదే తలుచుకుంది.

వచ్చిన నిధులు ఫ్యాక్టరీ జాగా వరకే సరిపోయాయి. సమాధుల తోట, ఖబరస్తాన్, కింది చేలు రెండో విడతలో అన్నారు. తీగె కంచె వేసి, ప్రమాదమని బోర్డు పెట్టి పోయారు. మా నాయిన కంచె లోపల ఉన్నాడు.

అప్పటికే వదిన కాళ్ళు వాస్తున్నాయి. కిడ్నీలు పాడయ్యాయని సంగారెడ్డి దవాఖానలో చెప్పారు. వారం వారం రక్తం శుద్ధి చేయించుకోవాల్సి వచ్చింది. "గా నీళ్ళతోనే అయ్యిందా సార్?" అని ఆమె డాక్టర్‌ను అడిగింది. ఆయన మర్యాదగానే చెప్పాడు, బీపీతో కూడా అవుతుంది, ఫలానా దానివల్లే అని చెప్పలేమని. బయటికి వచ్చాక నా భుజం పట్టుకుని నడుస్తూ, "చెప్పలేమంటుండు కరుణా. అవునంటే ఏడుస్తును, కాదంటే నిమ్మలమైతును. చెప్పలేమంటే ఏం జెయ్యాలె?" అంది. నాకు ఇప్పటికీ తెలియదు. నా కూతురికి పరీక్షలన్నీ చేయించాను, బాగానే ఉంది అన్నారు. బాగానే ఉందన్న కాగితం చేతిలో పట్టుకుని కూడా భయపడుతున్నాను.

వదినను దవాఖానకు తీసుకుపోయేది అన్నే. ఆ రోజుల్లో అతను మారాడు. ఆమెకు మంచం పక్కన సీసాలో నీళ్ళు పోసి, ఇచ్చే ముందు తనే వాసన చూసేవాడు. నేను చూడడం గమనించి ఒకసారి ముఖం తిప్పుకున్నాడు.

చివరిసారి నేను పోయినప్పుడు ఆమె గొంతు చాలా సన్నగా ఉంది. "నన్ను గాడ పెట్టకుండ్రి," అంది. సరేనన్నాను. "రెండో విడత అడుగుడు ఆపకుండ్రి. మామ ఉన్నడు గాడ. పాషా వాళ్ళ బీబీ ఉన్నది."

"భయమైతుందా వదినా?" అని అడిగాను.

"అయితుంది. ఎప్పుడు కాలే? అయితుంటెనే కదా ఇంతదాక వచ్చిన."

ఆమె సమాధి పుట్టినూరి ఎర్రమట్టిలో ఉంది. గొయ్యి తవ్వుతుంటే అన్న అంచున మోకాళ్ళ మీద కూర్చుని, పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు. తర్వాత నాకు ఇచ్చాడు. వాన తడిసిన మట్టి వాసన, అంతే. అప్పుడు అన్న ఏడ్చాడు.

రెండో విడత నిధులు ఇంకా రాలేదు. వస్తాయంటున్నారు. ఈసారి సంగారెడ్డి బస్సు అన్న ఎక్కుతున్నాడు, చాంద్ పాషా తోడు పోతున్నాడు. పోయిన సోమవారం సాయిలు మామ కూడా పోయాడని విన్నాను.

మొన్న మొదటి వాన పడ్డాక అన్న, నేను ఫ్యాక్టరీ ఎత్తు మీదికి పోయాం. గోడలు లేవు. తవ్విన చోటంతా బయటి నుంచి తెచ్చిన కొత్త మట్టి పరిచి చదును చేశారు. ఇంకా గడ్డి మొలవలేదు. మధ్యలో పల్లంగా ఉన్న చోట వాన నీళ్ళు నిలిచాయి. తేటగానే ఉన్నాయి, ఆకాశం కనబడుతోంది. మేం దూరంగా ఆగిపోయాం. ఎక్కడి నుంచో ఒక తీతువు పిట్ట వచ్చి వాలింది. పసుపు పచ్చని పొడుగు కాళ్ళతో నీళ్ళలోకి నడిచి, అటూ ఇటూ చూసి, వంగి తాగింది. తల ఎత్తి మింగింది. మళ్ళీ తాగింది. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. మేమిద్దరం ఊపిరి బిగబట్టి, ఆ పిట్ట మళ్ళీ లేచి ఎగురుతుందా అని చూస్తూ నిలబడ్డాం.